హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు) అయ్యాక క్లాసుకి వెళ్ళే తీరికే దొరకడం లేదు, మీ బడుల్లో ఎలా నడుపుతున్నారు?

లెక్కల మాస్టారు (ప్రకాశం జిల్లా)

అందరికీ నమస్కారం. 21 ఏళ్ళు స్కూల్ అసిస్టెంటుగా లెక్కలు చెప్పాను. జూన్‌లో ప్రమోషన్ మీద ఒక జెడ్పీ హైస్కూలుకి హెచ్‌ఎంగా వచ్చాను. 214 మంది పిల్లలు, నాతో కలిపి 12 మంది టీచర్లం. ఇప్పుడు నవంబరు. ఈ అయిదు నెలల్లో చాక్‌పీసు పట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ప్రార్థన అవగానే హాజరు ఫోన్లో ఎక్కించాలి. తర్వాత భోజనం లెక్క, గుడ్లు ఎన్ని వచ్చాయి, చిక్కీలు ఎన్ని మిగిలాయి. అడిగిన ఫోటోలు. ఈలోపు మండలం గ్రూపులో ‘అర్జెంట్, 12 గంటల్లోపు పంపాలి’ అని ఒక ఫార్మాట్ వచ్చి పడుతుంది. అది నింపుతుంటే వంటమ్మ వచ్చి గ్యాస్ బండ అయిపోయిందంటుంది. చూస్తుండగానే లాంగ్ బెల్.

పోయిన వారం జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. వంటగది గోడ మీద వారం మెనూ రాసి ఉంటుంది కదా. 8వ తరగతి పిల్లవాడొకడు అక్కడ నిలబడి ఉంటే ‘ఇవాళేంట్రా, చదువు’ అన్నాను. గడగడా చెప్పాడు. ఎందుకో అనుమానం వచ్చి, వారాల పేర్లున్న గడులు న్యూస్‌పేపర్‌తో మూసి, ‘చిక్కీ’ అన్న మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగాను. కాసేపు చూసి ‘గుడ్డు సార్’ అన్నాడు. ఏ రోజు ఏం పెడతారో వాడికి నోటికొచ్చు, అంతే. అక్షరాలు చదవడం రాదు. ఎనిమిదేళ్ళుగా బడికొస్తున్న పిల్లాడు.

వీడొక్కడేనా, ఇంకా ఎంతమంది ఉన్నారని స్టాఫ్ రూములో అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరు నాకన్నా సీనియర్లు. పక్క బడుల్లో పనిచేసినప్పట్నుంచీ తెలిసినవాళ్ళు, ట్రైనింగుల్లో ఒకే క్యారియర్‌లో తిన్నాం. ఇప్పుడు నేను లోపలికొస్తే మాటలు ఆగిపోతున్నాయి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక అడుగుతున్నాను.

కృష్ణాతీరం (రిటైర్డ్ హెచ్‌ఎం)

మాస్టారూ, మీకు నిద్ర పట్టలేదన్నారు చూడండి, ఆ మాటకే మీ మీద నాకు నమ్మకం కుదిరింది.

11 ఏళ్ళు మూడు బడుల్లో హెచ్‌ఎంగా చేశాను. మొదటి బడిలో నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. క్లాసులు చూడాలన్న ఉత్సాహంతో రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్ళి, వెనక నిలబడి రాసుకుని, సాయంత్రానికి సర్క్యులర్ బుక్కులో ‘ఫలానా పీరియడ్‌లో బోధనోపకరణం వాడలేదు’ అని ఎక్కించి అటెండర్‌తో పంపేవాణ్ణి. రెండు నెలల్లో స్టాఫంతా నాకు దూరమయ్యారు. సంతకం పెట్టేవారు, పని మాత్రం నిన్నటిలాగే ఉండేది.

రెండో బడిలో పద్ధతి మార్చాను. ముందుగా టైమ్‌టేబుల్లో నా పేరు వేసుకున్నాను, 6వ తరగతి లెక్కలు, రోజూ మొదటి పీరియడ్. ఆ 45 నిమిషాలు ఫోను అటెండర్ దగ్గర ఉండేది. మండలం నుంచి ఫోనొస్తే ‘సారు క్లాసులో ఉన్నారు’ అని చెప్పమన్నాను. మొదట్లో చివాట్లు పడ్డాయి, తర్వాత వాళ్ళకే అలవాటైంది. పదో తరగతి తీసుకోలేదు, కావాలనే 6 తీసుకున్నాను. ఎలిమెంటరీ నుంచి పిల్లలు ఏం తెచ్చుకున్నారో, ఏం తెచ్చుకోలేదో తెలిసేది అక్కడే.

ఇంకొకరి క్లాసుకి వెళితే చివరి బెంచీలో పిల్లల పక్కన కూర్చునేవాణ్ణి. కాయితం ఉండేది కాదు. ఆ పిల్లలు నోటుబుక్కులో ఏం రాస్తున్నారో చూస్తే చాలు, పాఠం ఎంత దాకా చేరిందో తెలిసిపోతుంది. ఆ రోజే టీ తాగుతూ ఆ టీచరుతో ఒక్క విషయం మాట్లాడేవాణ్ణి. అది కూడా ఆ పాఠం గురించే. ముందు మీ 6వ తరగతి పాఠం చూడ్డానికి ఆ సీనియర్లిద్దర్నీ పిలవండి. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి అని అడగండి. వాళ్ళు రాకపోయినా పిలిచారన్న మాట ఉంటుంది.

ఏకోపాధ్యాయుడు (ఆదిలాబాద్)

నమస్తే సార్. మీకు 12 మంది ఉన్నరు, మా బడిలో నేనొక్కణ్ణే. 1 నుంచి 5 దాకా 27 మంది. తాళం తీసేది నేనే, పాఠం చెప్పేది నేనే, హెచ్‌ఎం సంతకం కూడా నాదే. గంట కొట్టేది మాత్రం ఐదో తరగతి పిల్ల.

మీ పిల్లవాని లాంటోళ్ళు ఎంతమంది అని అడిగిన్రు కదా. ఆ లెక్క తీసే పద్ధతి మా తెలంగాణల 2022 ఆగస్టు 15 నుంచి ఉన్నది, తొలిమెట్టు పేరుతోని. ముందుగా ఒక్కో పిల్లతోని చదివించి చూస్తం. అక్షరం దగ్గర ఆగినోళ్ళు ఎవరు, పదం దాకా వచ్చినోళ్ళు ఎవరు, వాక్యం చదివేటోళ్ళు ఎవరు అని వేరుచేసుకుంటం. తరగతి ఏదైనా సరే, ఆ పీరియడ్‌ల పిల్ల ఎక్కడుంటే అక్కణ్ణుంచే చెప్తం. కార్యక్రమం ప్రైమరీ కోసం పెట్టిందే గానీ హైస్కూల్లో చేయొద్దని ఎవరన్నరు? మీరు ఒక్క రోజు పెట్టుకోండి. 6, 7, 8 తరగతుల పిల్లలను ఒక్కొక్కణ్ణి పిలిచి, మూడో తరగతి వాచకంలోంచి నాలుగు వాక్యాలు చదివించండి. ఒక్కొక్కనికి రెండు నిమిషాలు పడుతది. పేర్లు కాయితం మీదికొస్తే స్టాఫ్ రూముల ఎవరూ మౌనంగ ఉండలేరు.

నా అనుభవంలో పెద్దపిల్లలే నాకు తోడు. నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లగానికి పదాల కార్డులు చదివిస్తుంటే ఇద్దరికీ చదువు గట్టిపడుతున్నది. నేను పక్క గదిలో ఉన్నా పని ఆగదు.

సీమ టీచరు (అనంతపురం)

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. నాయకత్వం, నాయకత్వం అంటున్నాం. హెచ్‌ఎం చేతిలో ఏముందో చెప్పండి? టీచర్‌ను వేసుకోలేడు, పంపలేడు. ఖాళీ ఉంటే ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంటుంది. 2022లో మన ఆంధ్రాలో 117 జీవో తెచ్చి 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపినారు. ఊర్లోని బడికి నడిచిపోయే ఎనిమిదేళ్ళ పిల్లలు దూరం పోవాల్సి వచ్చింది. కొందరు మానేసినారు, కొందరు ప్రైవేటుకు పోయినారు. 2025లో ఆ జీవో తీసేసి మళ్ళీ కొత్త రకం బడులు పెట్టినారు. ఈ రెండుసార్లూ మా హెచ్‌ఎం సారును ఎవరూ అడగలేదు. ఊర్లో అమ్మానాన్నలకు జవాబు చెప్పింది మాత్రం ఆయనే, ఎండలో ఇంటింటికీ తిరిగి.

ఇంకొకటి. పై నుంచి ప్రతి మీటింగులోనూ అడిగేది ఒక్కటే, ‘పదో తరగతి ఎంత శాతం?’ 2022లో మన రాష్ట్రంలో 67.26 శాతం వచ్చినప్పుడు నోటీసులు ఎవరికి పోయినాయో గుర్తు చేసుకోండి. కోవిడ్‌తో రెండేళ్ళు బడి సరిగా జరగలేదు, పరీక్ష లేకుండానే పైకొచ్చిన పిల్లలు వాళ్ళు. అంత జరిగినా తప్పు టీచరుదే అయింది. అందుకే బడిలో గట్టి టీచర్లందర్నీ పదికి వేస్తారు, ఆరుకు ఎవరు మిగిలితే వాళ్ళు. లెక్కల సార్ చెప్పిన ఎనిమిదో తరగతి పిల్లగాడు అట్లే తయారవుతాడు. పదికి వచ్చినాక రాత్రి స్టడీ అవర్ పెట్టి, బిట్లు బట్టీ పట్టించి గట్టెక్కిస్తాం.

అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రమే ఇచ్చేదాన్ని నేను నాయకత్వం అనలేను.

కృష్ణాతీరం (రిటైర్డ్ హెచ్‌ఎం)

సీమ టీచరు గారు చెప్పిందాంట్లో కాదనడానికి ఏమీ లేదు. పోస్టులు హెచ్‌ఎం చేతిలో ఉండవు. టైమ్‌టేబుల్ మాత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. ఆరో తరగతికి ఎవర్ని వేయాలో రాసేది ఆయన పెన్నే.

బడి కమిటీ అమ్మ (గుంటూరు జిల్లా)

నేను టీచర్ని కాను. మా పాప బడిలో తల్లిదండ్రుల కమిటీలో చేశాను. మా తమ్ముడు ఈ చర్చ చూపిస్తే చదివి, రాయాలనిపించింది. రాసిపెట్టింది కూడా వాడే, నేను చెబుతుంటే.

బడులు బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరులో ఒంగోల్లో మొదలుపెట్టారు కదా, మొదటి విడతలో 15,715 బడులని చెప్పారు. అందులో మాదొకటి. కాంట్రాక్టరు లేడు, డబ్బులు కమిటీ ఖాతాలో పడేవి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టాను, ఇసుక ట్రాక్టరు దగ్గర నిలబడ్డాను, బాత్రూములో టైల్సు జారుతున్నాయని తీయించి మళ్ళీ వేయించాను. నేను ఏడో తరగతిలో మానేసినదాన్ని. బిల్లు పుస్తకం చదవడం అప్పుడే మా హెచ్‌ఎం మేడం గారు నేర్పారు. పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇక్కడ చూడమ్మా, ఇది రేటు, ఇది మొత్తం’ అని చెప్పేవారు. ఆ ఏడాది బడి మాది అనిపించింది.

పనులు అయిపోయాయి, మేడం గారు బదిలీ మీద వెళ్ళిపోయారు. ఆ తర్వాత మమ్మల్ని పిలిచింది సంతకాలకే. ఒక్కోసారి పుస్తకం ఇంటికే పంపేవారు. మా పిల్లలకి చదువొస్తుందా లేదా అని మాకు ఎవరూ చెప్పలేదు, మార్కుల కాయితం ఇచ్చి పంపేవారంతే. అందులో బీ టూ అని గ్రేడు ఉంటుంది. అంటే మా పాప పేపరు చదవగలదా లేదా అన్నది దాన్నిబట్టి మాకేం తెలుస్తుంది?

మాస్టారు గారూ, మీ దగ్గర అమ్మల్ని పిలవండి. పిల్లలతో మా ముందు చదివించండి. సిగ్గుపడతామని అనుకోవద్దు. ముందే చెబితే ఇంట్లో టీవీ ఆపి కూర్చోబెడతాం. పదో తరగతికొచ్చాక తెలిస్తే మేం ఏం చేయగలం?

లెక్కల మాస్టారు (ప్రకాశం జిల్లా)

అమ్మా, మీ మాట చదివాక వెళ్ళి మా కమిటీ మినిట్స్ పుస్తకం తీసి చూశాను. మూడేళ్ళ తీర్మానాల్లో పిల్లల చదువు గురించి ఒక్క వాక్యం లేదు. వంటపాత్రలు, పెయింటు, జెండా పండుగ, అంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి, బడి అభివృద్ధి ప్రణాళిక వాళ్ళే తయారుచేయాలి. ఇది డిపార్ట్‌మెంటల్ టెస్టుకి చదివి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. ఈ అయిదు నెలల్లో అమలు చేసింది మాత్రం లేదు. వచ్చే మీటింగు సాయంత్రం కూలి పనుల నుంచి వచ్చాక పెడతాను.

తెలుగు టీచరమ్మ (మన్యం జిల్లా)

నేను హెచ్‌ఎంని కాను, అయ్యే ఉద్దేశమూ లేదు. అయినా చెబుతాను.

మా బడిలో మధ్యాహ్నం భోజనం తర్వాత 20 నిమిషాలు బడంతా చదువుతుంది. ఇది హెచ్‌ఎం గారు పెట్టింది కాదు, ఆర్డరు వచ్చి పెట్టిందీ కాదు. మూడేళ్ళ కిందట నా 7వ తరగతితో చెట్టు కింద మొదలుపెట్టాను. లైబ్రరీ బీరువాలో పుస్తకాలు కట్టలు కట్టి ఉండేవి, పోతే డబ్బులు కట్టాలని భయం. పోతే నేను కడతానని రాసిచ్చి తీశాను. ఇప్పటికి పోయినవి నాలుగు. ఒకటి దూలం మీద దొరికింది, ఎలుక కొట్టేసింది.

మొదటి ఏడాది తోటివాళ్ళు ‘తెలుగు మేడం పని ఆవిడ చేసుకుంటోంది’ అనుకున్నారు. మార్పు పీఈటీ (ఆటల) మాస్టారితో వచ్చింది. ఆయనంటే పిల్లలకి ప్రాణం. ఒకరోజు ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టాను. కబడ్డీ నియమాలు బోర్డు మీద రాసి చదివించారు. ‘బోనస్ లైను’ అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. మగపిల్లలు ఆ రోజు చదివినట్టు నా పాఠం ఎప్పుడూ చదవలేదు. తర్వాత సైన్సు మాస్టారు తనంతట తనే వచ్చారు. ‘వీళ్ళకి కిరణజన్యసంయోగక్రియ అర్థం కావటం లేదనుకున్నాను మేడం, ఆ మాట చదవడమే రావటం లేదు’ అన్నారు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

మా పిల్లల్లో సవర గిరిజనులు ఎక్కువ. ఇంటి భాష వేరు. ‘పొద్దున్నే అమ్మ ఏం చేసింది’ అని తెలుగులో అడిగితే మౌనంగా ఉండే పిల్ల, సవరలో చెప్పమంటే ఆపకుండా చెబుతుంది. ఆ మాటలే తెలుగు లిపిలో బోర్డు మీద రాస్తాను. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మాస్టారిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆయన్ని ఎవరూ హెచ్‌ఎంగా నియమించి పంపలేదు కదా ఆ పనికి! మా వైపు ఆయన పేరు ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజైన తెలుగు భాషా దినోత్సవం నాడే తలుచుకుంటారు, నాకది బాధ.

మాస్టారూ, మీ స్టాఫ్‌లో ఇలాంటి పని ఎవరో ఒకరు చప్పుడు లేకుండా చేస్తూనే ఉంటారు. వాళ్ళని వెతకండి. స్టేజీ ఎక్కించి శాలువా కప్పకండి, మిగతావాళ్ళకి దూరమైపోతారు. వాళ్ళకి కావాల్సిన గది, సమయం ఇవ్వండి.

పాత ఎంఈవో (మండల విద్యాధికారి, చిత్తూరు)

అమ్మాయి గారి మాట చదివాక మా రోజులు గుర్తొచ్చాయి. 1980లలో బ్రిటన్ సాయంతో ఏపీపెప్ అని ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. పిల్లల పని గోడల మీద ప్రదర్శించడం, గ్రూపులుగా కూర్చోబెట్టడం, ఊళ్ళో దొరికే వస్తువులతో బోధించడం అప్పుడే అలవాటు చేసుకున్నాం. దాంట్లో నాకు అన్నిటికన్నా విలువైందిగా అనిపించింది టీచర్స్ సెంటర్. చుట్టుపక్కల బడుల వాళ్ళం ఒకచోట కూడి, ఒకరు పాఠం చెబితే మిగతావాళ్ళం చూసి మాట్లాడుకునేవాళ్ళం. చింతగింజలు, పుల్లలు, సిగరెట్టు పెట్టెలు సంచుల్లో తెచ్చుకునేవాళ్ళం. ఈనాటి స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) మీటింగు దానికి వారసురాలే. కానీ నేను రిటైరయ్యేనాటికి అందులో సగం సమయం ఫార్మాట్లకే పోయేది. అందులో నా పాత్ర కూడా ఉంది. పైనుంచి అడిగారని నేనే అడిగాను.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థ వాళ్ళ చిన్న పల్లెబడులు చూడ్డానికి మా టీచర్లను రెండుసార్లు తీసుకెళ్ళాను. ఒకే గదిలో అన్ని తరగతులూ, నిచ్చెన మెట్ల లాంటి చార్టు చూసుకుని ఏ పిల్లకాపిల్ల తన కార్డు తను తీసుకుంటుంది. కర్ణాటకలో నలి-కలి అనే బోధన పద్ధతి, తమిళనాట కార్డుల పద్ధతి, రెంటికీ మూలం అక్కడే ఉంది. అక్కడి టీచర్లు పెద్ద డిగ్రీలున్నవాళ్ళు కారు, పక్క పల్లెల వాళ్ళే. తమ కార్డులు తామే తయారుచేసుకునేవారు. ఆదిలాబాద్ మాస్టారు చేస్తున్న పని చదివితే అదే కనిపించింది.

బోధనేతర పనుల సంగతి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడింటికే మినహాయింపు ఇచ్చింది. ఫోటోలు, ఫార్మాట్లు అందులో లేవు. గొడవ పెట్టుకోమని చెప్పను. వారం రోజులు ఏ పనికి ఎన్ని నిమిషాలు పోయాయో రాసి, కాంప్లెక్స్‌లోని హెచ్‌ఎంలందరూ కలిసి ఒకే కాయితంగా ఇవ్వండి. ఒక్కరు ఇస్తే ఫిర్యాదంటారు. పదిమంది ఇస్తే నాలాంటివాడికి పైన చూపించడానికి ఆధారం దొరుకుతుంది.

లీడ్స్ తెలుగు (ఇంగ్లండ్)

ఇక్కడ ప్రైమరీ స్కూల్లో తొమ్మిదేళ్ళుగా టీచర్ని. మా ఊరు తణుకు. రెండు విషయాలు చెబుతాను, పనికొస్తే తీసుకోండి. 2005 నుంచి ఇక్కడ ప్రతి టీచరుకీ బోధన సమయంలో పదో వంతు పాఠం తయారీకి, దిద్దడానికి ఇవ్వాలి. అది హక్కు, హెచ్‌ఎం దయ కాదు. ఇంకోటి, ఒక్కో సబ్జెక్టుకి ఒక టీచరు బాధ్యత తీసుకుంటారు. నేను లెక్కలు చూస్తాను. హెచ్‌ఎం వయసులో నాకన్నా పెద్దావిడ, అయినా లెక్కల విషయంలో నన్నే అడుగుతుంది.

ఇక్కడా అంతా బాగుందని కాదు. తనిఖీవాళ్ళు బడికి ఒక్క మాటలో గ్రేడ్ ఇచ్చే పద్ధతి 2024 సెప్టెంబరులోనే పోయింది. అప్పటిదాకా ఆ ఒక్క మాట కోసం ఎంతమంది హెచ్‌ఎంలు నలిగిపోయారో నాకు తెలుసు. సీమ టీచరు గారి పదో తరగతి శాతం లాంటిదే.

కొత్త టీచర్ (డీఎస్సీ 2025 టీచర్ల నియామకం)

చదువుతూ ఉన్నాను, నేనూ ఒకటి చెప్పొచ్చా అండి. చేరి కొన్ని వారాలే అయింది. మొదటి రోజు క్లాసులో 38 మంది, నా గొంతు నాకే వినపడలేదు. మూడో రోజు మా హెచ్‌ఎం మేడం వచ్చి వెనక కూర్చున్నారు. నాకు చేతులు వణికాయి. బెల్లు కొట్టాక ఏమీ అనకుండా ‘రేపు మూడో పీరియడ్ నా క్లాసుకి రా’ అన్నారు. వెళ్ళాను. వెనక బెంచీ పిల్లలు ఆవిడ క్లాసులోనూ గొడవ చేశారు. ఆవిడ పాఠం ఆపి, వాళ్ళ దగ్గరికెళ్ళి, పేర్లతో పిలిచి మాట్లాడి మళ్ళీ మొదలుపెట్టారు. బయటకొచ్చాక ‘చూశావుగా, నాకూ 19 ఏళ్ళ నుంచి ఇదే. ముందు 38 పేర్లు నేర్చుకో’ అన్నారు. శనివారానికి నేర్చుకున్నాను.

సీమ టీచరు (అనంతపురం)

అన్నీ చదివినాను. కృష్ణాతీరం సార్ పెన్ను మాట ఒప్పుకుంటాను. మా బడిలో కూడా 6కు సీనియర్‌ను వేయాలని ఈసారి నేనే అడుగుతాను, పదికి వేసిన నన్నే వేయమని చెబుతాను. కానీ ఖాళీల మాట, పదో తరగతి నోటీసుల మాట వెనక్కి తీసుకోను. మంచి హెచ్‌ఎం ఉన్న బడిలో కూడా లెక్కల టీచరు లేకపోతే పిల్లలకు లెక్కలు రావు.

లెక్కల మాస్టారు (ప్రకాశం జిల్లా)

మూడు వారాలైంది. జరిగింది రాస్తున్నాను.

ఆదిలాబాద్ మాస్టారు చెప్పినట్టు 6, 7, 8 తరగతుల పిల్లలు 126 మందితో చదివించాం. ‘చదివించాం’ అంటున్నాను, ఎందుకంటే మొదటి రోజు నేనొక్కణ్ణే వరండాలో కూర్చుంటే, రెండో రోజు సీనియర్ మేడం కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడలేదు. నా జాబితా తీసుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఆగి ఆగి చదివేవాళ్ళు, అసలు చదవలేనివాళ్ళు కలిపి 41 మంది తేలారు. అందులో 12 మందికి ఒత్తులు రావు, అంతవరకే లోటు. ఆ మేడం అది చూసి ‘ఈ 12 మందిని నాకివ్వండి, సంక్రాంతికి చదివిస్తాను’ అన్నారు. రెండో సీనియర్ గారు ఇంకా దూరంగానే ఉన్నారు. నా 6వ తరగతికి పిలిచాను, రాలేదు. మళ్ళీ పిలుస్తాను.

కమిటీ మీటింగు సాయంత్రం ఆరున్నరకి పెట్టాం. 60 మంది దాకా వచ్చారు, ఎక్కువ మంది అమ్మలే. పిల్లల్ని అందరి ముందు చదివించడానికి మనసొప్పలేదు. ఒక్కో తల్లిని పక్కకి పిలిచి బిడ్డతో చదివించి చూపించాం. రాత్రి తొమ్మిదైంది. నిమిషాల లెక్క కూడా రాశాను. ఒక వారంలో 14 గంటలు ఫోనుకీ ఫార్మాట్లకీ పోయాయి. మా కాంప్లెక్స్‌లో ఇంకో నలుగురు రాస్తామన్నారు.

మెనూ బోర్డు దగ్గరి పిల్లవాడు పది రోజులు రాలేదు. పత్తి తీతకి వెళ్ళాడట. పీఈటీ మాస్టారూ నేనూ బండి మీద వాళ్ళ చేను దాకా వెళ్ళాం. వాళ్ళమ్మ ఒడిలో పత్తితోనే నిలబడి మాట్లాడింది, సోమవారం పంపిస్తానంది. పంపింది. ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు, మొదటి పీరియడ్‌కి ముందు అరగంట. గుణింతాల్లో ‘కీ’ దాకా వచ్చాం.

ఆదిలాబాద్ మాస్టారూ, మీరు మొదట్లో వాడిన పదాల కార్డులు ఫోటో తీసి ఇక్కడ పెడతారా? నాకు లెక్కలు చెప్పడం వచ్చు గానీ చదవడం నేర్పడం కొత్త. 29 మంది మిగిలారు, రేపట్నుంచి హిందీ మాస్టారు కూడా కూర్చుంటానన్నారు.